14వ నంబరు బండి ఏమైంది?

14వ నంబరు బండి, తిరుమల కొండకి వెళ్ళే బస్సు వెనక్కి వెళ్ళింది. బస్సు కదిలాక అవతల నుంచి బయటికి వచ్చేసరికి దాని నంబరు 31 అయిపోయింది. అదే ఎర్ర చొక్కా, అదే నల్ల బండి. పక్కన కూర్చున్న పిల్లవాడు ఎవరో క్యాచ్ వదిలేసినట్టు "ఛ!" అని తొడ మీద చరుచుకున్నాడు.

లీలామహల్ సర్కిల్ దగ్గర మా స్టూడెంట్ ఒకడి మేనమామకి టైలరింగ్ షాపు ఉంది. ఆ మేడ మీది కిటికీలో ఫోన్ బిగించి తీసిన ఇరవై నిమిషాల వీడియో అది. ఒక పక్క శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ స్తంభాలు, ఇంకో పక్క యాత్రికులు కనపడిన చోటల్లా ఆగే ఆటోలు, మధ్యలో అలిపిరి వైపు వెళ్ళే బస్సులు. నేను తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఈసారి నా కింద పడిన ఫైనలియర్ బ్యాచ్ ప్రాజెక్టు, వీడియోలో కదిలే వస్తువుల్ని ట్రాక్ చేసే పద్ధతుల్లో ఏది బాగా పనిచేస్తుందో పోల్చడం. 14, 31 అన్నవి కంప్యూటర్ ఆ బళ్ళకి వేసిన నంబర్లు.

నిజానికి మొదటి రివ్యూకి వాళ్ళు వచ్చినప్పుడు ఈ వీడియో లేదు. చక్కటి టేబుల్ ఒకటి ఉంది. ఆరు పద్ధతులు, నాలుగు కొలతలు, గెలిచిన అంకెలకు ఆకుపచ్చ రంగు.

"బైట్‌ట్రాక్ బెస్ట్ మేడమ్."

"ఎక్కడ?"

"రీసెర్చ్ పేపర్లో మేడమ్."

నవ్వు ఆపుకున్నాను. ఎంటెక్‌లో నేను చేసిందీ అదే, కాకపోతే అప్పుడు పేర్లు వేరు. ఎవరి పేపర్లోంచో అంకెలు తెచ్చి పక్కపక్కన పేర్చి పోలిక అంటాం. కానీ ఆ అంకెల వెనక ఏ వీడియో ఉంది, దేనికోసం ట్రాక్ చేస్తున్నారు అని అడిగితే నోరు పెగలదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఏ ట్రాకర్ గొప్పది అని మొదలుపెడితే ఎక్కడికీ తేలదు. ఏ తప్పుని మనం భరించగలం, ఏ తప్పుని భరించలేం అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత పోలిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఈ మాట నేను చెబితే పిల్లలు తలూపారు. నమ్మినట్టు మాత్రం కనపడలేదు. సరే, వెళ్ళి మన ఊరి రోడ్డు తీసుకురండి అన్నాను. అలా వచ్చింది టైలరు షాపు వీడియో.

వాళ్ళ టేబుల్లో మొదటి తప్పు వరసల్లోనే ఉంది. కేసీఎఫ్, సీఎస్‌ఆర్‌టీ, సార్ట్, డీప్‌సార్ట్, బైట్‌ట్రాక్ అన్నీ ఒకే పట్టికలో కూర్చున్నాయి. తోతాపురి కాయనీ మామిడి తాండ్రనీ ఒకే పోటీకి పెట్టినట్టు. కేసీఎఫ్ లాంటి వాటికి మొదటి ఫ్రేములో, అంటే వీడియోలోని మొదటి బొమ్మలో, మనమే డబ్బా గీసి "ఇదిగో, దీన్ని వదలకు" అని అప్పగించాలి. ఆ డబ్బాలో ఉన్నది బండో, మనిషో, గోడ మీద పోస్టరో వాటికి తెలియదు, అక్కర్లేదు కూడా. దాని రూపురేఖల్ని నేర్చుకుని తర్వాతి ఫ్రేములో అలాంటిది ఎక్కడుందో వెతుక్కుంటాయి. వేగం విషయంలో వీటికి తిరుగు లేదు. 2010లో వచ్చిన మాస్ అనే ట్రాకర్ సెకనుకి 669 ఫ్రేములు నడిచిందని దాని పేపర్లోనే ఉంది. కానీ బండికీ కెమెరాకీ మధ్య బస్సు వస్తే ఇవి బస్సునే పట్టుకుని నిశ్చింతగా వెళ్ళిపోతాయి. మా వీడియోలో కేసీఎఫ్ డబ్బా ఎర్ర చొక్కాని వదిలేసి, బస్సు పక్కనున్న ప్రకటనకి అతుక్కుని అలిపిరి దాకా ప్రయాణం కట్టింది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

బైట్‌ట్రాక్ లాంటివి వేరే జాతి. వాటికి మనం ఏదీ చూపించం. ప్రతి ఫ్రేములో యోలో లాంటి డిటెక్టర్ ఇక్కడో మనిషి, అక్కడో కారు అని డబ్బాలు గీసి ఇస్తుంది. నిన్నటి డబ్బా ఇవాళ్టి ఏ డబ్బా అయిందో కలపడమే ట్రాకర్ పని.

పరీక్షలూ వేరే. మొదటి జాతికి 2013లో 50 వీడియోలతో వచ్చిన ఓటీబీ పరీక్ష ఉంది. ట్రాకర్ చూపించిన కేంద్రం అసలు కేంద్రానికి 20 పిక్సెళ్ళ లోపు ఉంటే ఆ ఫ్రేము పాసయినట్టు. మా వీడియోలో దూరంగా ఉన్న బండి వెడల్పే 30 పిక్సెళ్ళు. అక్కడ 20 పిక్సెళ్ళ తేడా అంటే పక్క బండి మీద కూర్చున్నట్టే. అదే కెమెరా ముందున్న బస్సుకైతే 20 పిక్సెళ్ళు ఒక లెక్కే కాదు. ఇంకో పోటీ వీఓటీ, అదీ 2013లోనే మొదలైంది. మొదట్లో దాని పద్ధతి ఏమిటంటే, ట్రాకర్ దారి తప్పితే అయిదు ఫ్రేములయ్యాక లేపి మళ్ళీ సరైన చోట నిలబెట్టి, ఎన్నిసార్లు పడిందో లెక్క రాసుకోవడం. ఓటీబీలో అలా లేపేవాళ్ళు లేరు. పదో సెకనులో తప్పిపోతే మిగతా వీడియో అంతా సున్నాలే. ఒకటి సప్లిమెంటరీ ఉన్న యూనివర్సిటీ, ఇంకోటి లేనిది. మార్కుల జాబితాలు పక్కపక్కన పెట్టి ఎవరు తెలివైనవాళ్ళో తేల్చమంటే ఎలా?

సరే, మొదటి జాతిని పక్కన పెట్టేశాం. రోడ్డు మీద బళ్ళు లెక్కపెట్టడానికి ప్రతి బండికీ చేత్తో డబ్బా గీసే ఓపిక ఎవరికుంది.

మిగిలిన మూడింటికీ పెద్దన్న సార్ట్. 2016లో వచ్చింది. అందులో కొత్తగా కనిపెట్టింది దాదాపు ఏమీ లేదు, నాకు అందుకే ఇష్టం. బండి ఇంతసేపూ ఇటు ఇంత వేగంతో వెళ్ళింది కాబట్టి తర్వాత ఇక్కడుంటుంది అని ఊహించడానికి 1960 నాటి కాల్మన్ ఫిల్టర్. ఊహించిన డబ్బాల్నీ కొత్తగా దొరికిన డబ్బాల్నీ జతపరచడానికి హంగేరియన్ పద్ధతి. ఎవరికి ఏ పని అప్పగిస్తే మొత్తం ఖర్చు తగ్గుతుంది అనే లెక్క కోసం కూన్ 1955లో రాసింది అది. మా నాయన పుట్టకముందు లెక్కలు రెండు తెచ్చి, పైన ఒక డిటెక్టర్ పెట్టారు, అంతే. వేగం సెకనుకి 260 ఫ్రేములు అని పేపర్లో ఉంటుంది. అది డబ్బాలు గీసిన తర్వాత కలపడానికి పట్టే సమయం మాత్రమే. గీయడానికి పట్టేది అందులో లేదు. మా పిల్లలు ఆ 260ని తీసుకొచ్చి, డిటెక్టరుతో కలిపి తమ ల్యాప్‌టాప్ మీద కొలిచిన వేగం పక్కన పెట్టారు. ఇడ్లీ వడ్డించడానికి పట్టే టైమునీ, పిండి రుబ్బడం దగ్గర నుంచి మొదలుపెడితే పట్టే టైమునీ పోల్చినట్టుంది అన్నాను.

ఆ సార్ట్ పేపర్లోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ ఎత్తిచూపరు. డిటెక్టర్ని మారిస్తే చాలు, ట్రాకింగ్ ఫలితం 18.9 శాతం దాకా మెరుగుపడిందట. ఇది ముఖ్యమైన విషయం. ఎందుకంటే 2021లో వచ్చిన బైట్‌ట్రాక్ పాదచారుల వీడియోలున్న ఎంఓటీ17 పరీక్షలో నూటికి 80.3 తెచ్చుకుంది, కానీ దాని కింద ఉన్నది యోలోఎక్స్ అనే బలమైన డిటెక్టర్. అయిదేళ్ళ ముందు సార్ట్ కింద ఉన్నది అప్పటి డిటెక్టర్. ఆ రెంటి మార్కుల మధ్య తేడాలో ట్రాకర్ వాటా ఎంత, డిటెక్టర్ వాటా ఎంత? డిటెక్టర్ని ఒకటే ఉంచి ట్రాకర్లని మార్చి చూస్తే తప్ప తెలియదు. ఎంఓటీ17 రూపొందించినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. అందుకే ప్రతి వీడియోకీ మూడు రకాల డిటెక్టర్ల డబ్బాలు వాళ్ళే ఇచ్చారు. చాలామంది వాటిని వదిలేసి సొంత డిటెక్టర్ తెచ్చుకుంటారు, దానికి వేరే జాబితా ఉంటుంది. చదివేవాళ్ళు ఆ రెండు జాబితాల్నీ కలిపేస్తారు.

మా రోడ్డు మీద డిటెక్టర్ అసలు రంగు ఆటోల దగ్గర బయటపడింది. మామూలుగా దొరికే మోడళ్ళు కోకో అనే డేటాసెట్ మీద నేర్చుకుని ఉంటాయి. అందులో 80 రకాల వస్తువులున్నాయి. ఏనుగు ఉంది, జీబ్రా ఉంది, జిరాఫీ కూడా ఉంది. ఆటో లేదు. తిరుపతిలో ఆటో లేని ఫ్రేము ఒకటి చూపించండి! దాంతో అదే ఆటో ఎదురుగా వస్తున్నప్పుడు కారు, పక్కకి తిరిగితే ట్రక్కు, వెనక నుంచి చూస్తే మోటార్‌సైకిల్. ఒక్కో రకాన్ని విడిగా ట్రాక్ చేసే కోడ్ అయితే రకం మారినప్పుడల్లా పాత నంబరు చచ్చి కొత్త నంబరు పుడుతుంది. మూడు జన్మలెత్తిన ఆటోని చూపించి పిల్లలు "ట్రాకర్ బాలేదు మేడమ్" అన్నారు. ట్రాకర్ పాపం ఏం చేసింది? హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ 2018 నుంచి ఉంది, అందులో ఆటోరిక్షా ఒక రకంగా ఉంది. దాంతో డిటెక్టర్‌కి మళ్ళీ కొంత పాఠం చెప్పాక ఆ పునర్జన్మలు బాగా తగ్గాయి. ట్రాకర్లో ఒక్క లైను మార్చలేదు.

ఇక కొలతల సంగతి. ఇక్కడ కాస్త లెక్క చెయ్యాలి, ఓపిక పట్టండి, మూడు కూడికలకంటే ఎక్కువ లేవు.

ఒక మనిషి 100 ఫ్రేములు కనపడ్డాడనుకుందాం. 'ఎ' అనే ట్రాకర్ అతన్ని వందలోనూ పట్టుకుంది, కానీ సరిగ్గా సగంలో నంబరు మార్చేసింది. 'బి' అనే ట్రాకర్ మొదటి 50 ఫ్రేములు ఒకే నంబరుతో పట్టుకుని, తర్వాత అతన్ని పూర్తిగా వదిలేసింది. ఏది మేలు?

ఎంఓటీఏ అనే పాత కొలత ప్రకారం తప్పిపోయినవి, లేనివి ఉన్నట్టు చూపించినవి, నంబర్ల మార్పులు అన్నీ కూడి, మొత్తం ఫ్రేములతో భాగించి, 1లోంచి తీసెయ్యాలి. 'ఎ' చేసిన తప్పు ఒక్కటే, నంబరు మార్పు. కాబట్టి 99 శాతం. 'బి' 50 ఫ్రేములు వదిలేసింది కాబట్టి 50 శాతం. 'ఎ' భూమ్యాకాశాల తేడాతో గెలిచింది.

ఐడీఎఫ్1 అనే కొలత, ఆ మనిషికి ఒకే నంబరుని అంటగట్టి, ఎన్ని ఫ్రేముల్లో ఆ నంబరు నిలబడిందో చూసి, దాన్ని రెట్టింపు చేసి, మనిషి ఉన్న ఫ్రేములూ ట్రాకర్ చూపించిన ఫ్రేములూ కూడిన మొత్తంతో భాగిస్తుంది. 'ఎ'కి 50 శాతమే వస్తుంది, ఎందుకంటే సగం ఫ్రేముల్లో ఉన్నది పరాయి నంబరు. 'బి'కి 67 శాతం. వదిలేసినా కనీసం అబద్ధం చెప్పలేదు కదా. ఇప్పుడు 'బి' గెలిచింది.

2020లో వచ్చిన హోటా అనే కొలత డబ్బాలు దొరకడాన్నీ, వాటిని సరిగ్గా కలపడాన్నీ విడివిడిగా లెక్కగట్టి, రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తుంది. కలపడంలో ఇద్దరికీ సగం మార్కులే, దొరకడంలో 'ఎ'కి పూర్తి, 'బి'కి సగం. కాబట్టి 'ఎ'కి 71, 'బి'కి 50. మళ్ళీ 'ఎ'.

అదే మనిషి, అవే రెండు ట్రాకర్లు. గెలుపోటములు తిరగబడ్డాయి. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు క్లాసులో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది: "అయితే ఏ కొలత కరెక్ట్ మేడమ్?" అక్కడే ఉంది తిరకాసు. మూడూ కరెక్టే. సర్కిల్లో ఒక గీత గీసి, దాన్ని ఎన్ని బళ్ళు దాటాయో లెక్కపెట్టడమే పనైతే, గీతకి దూరంగా నంబరు మారితే నాకేంటి? 'ఎ' చాలు. గీత దాటే క్షణంలో బండి కనపడాలి, అంతే. కానీ కొర్లగుంట వైపు నుంచి వచ్చిన బళ్ళలో ఎన్ని అలిపిరి వైపు వెళ్ళాయి, ఎన్ని బస్టాండు వైపు తిరిగాయి అని అడిగితే, మధ్యలో నంబరు మార్చే 'ఎ' నిలువునా ముంచుతుంది. వీడియో మారలేదు, రోడ్డు మారలేదు, అడిగిన ప్రశ్న మారింది.

ఇంకా దూరం వెళ్దాం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత అక్కడి అడవిలో కెమెరాలు పెట్టారు. అలాంటి చోట నంబరు పదిసార్లు మారినా ఎవరికీ పట్టదు. కుక్కని చూసి చిరుత అని రెండుసార్లు అరిచినా భరిస్తారు. ఒక్కసారి చిరుతని చూసి ఊరుకుంటే మాత్రం భరించలేం. అన్నట్టు కోకో జాబితాలో చిరుత కూడా లేదు. పిల్లి ఉంది.

మా బావది ఇంకో కథ. బంగారుపాళ్యం వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. జూన్, జులై వచ్చిందంటే తోతాపురి లోడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి, ఆయన ఇంటికి రావడం గగనం. ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏం టీచరమ్మా, మా బెల్టు మింద పొయ్యే క్రేట్లు లెక్కపెట్టేదానికి కెమెరాతో ఏమన్నా అయితాదా?"

నేను ఉత్సాహంగా బైట్‌ట్రాక్, రూపాన్ని గుర్తుపట్టే నెట్‌వర్కు, వాటికి కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు, అన్నీ చెప్పుకుంటూ పోయాను. అంతా విని అడిగాడు:

"ఏ క్రేటు ఏదో నాకెందుకమ్మా? అన్నీ ఒకే మాదిరి ఉంటాయి. ఎన్ని పోయినాయో చెప్తే సాలు."

ఈ ఫీల్డులో పదేళ్ళుగా ఉన్నదాన్ని నేను, సమస్యని సరిగ్గా చెప్పింది ఆయన. బెల్టు ఒకే వేగంతో కదులుతుంది. క్రేటు ఆటోలాగా మధ్యలో ఆగి బేరమాడదు. వెలుతురు ఒకటే, కెమెరా కదలదు, ఒకదాని వెనక ఒకటి దాక్కోవు. ఇలాంటి చోట స్థిరమైన నేపథ్యాన్ని తీసేసి కదిలేది మాత్రం మిగుల్చుకునే పాత పద్ధతి చాలు, దశాబ్దాలుగా ఉన్నదే. మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. అది చేసే తప్పులూ తెలిసినవే. రెండు క్రేట్లు ఆనుకుని వస్తే ఒకటిగా లెక్కపెడుతుంది, కాబట్టి అలా కలిసిపోయిన ముద్ద పొడవుని ఒక క్రేటు పొడవుతో భాగించాలి. గీత మీదుగా ఎవరైనా చెయ్యి చాపితే అదీ ఒక క్రేటే, కాబట్టి కెమెరాని చేతులు రాని చోట బిగించాలి. మా పిల్లల టేబుల్లో ఈ పద్ధతికి చోటే లేదు. పాతదట. బావ బెల్టు మీద పోటీ పెడితే దాని ముందు మిగతావన్నీ దండగ ఖర్చు.

తిరిగి రోడ్డు మీదికి వద్దాం. 14వ నంబరు బండి దగ్గరికి.

బండి బస్సు వెనక్కి వెళ్ళినప్పుడు ట్రాకర్ దాన్ని వెంటనే మర్చిపోదు, కొంతసేపు చూస్తుంది. ఎంతసేపు అన్నది కోడ్‌లో ఒక సంఖ్య, దాని ఓపిక అన్నమాట. మొదటి సార్ట్‌లో అది ఒక్క ఫ్రేము, రెప్పపాటు కూడా కాదు. డీప్‌సార్ట్, బైట్‌ట్రాక్ కోడ్‌లలో మామూలుగా 30 ఫ్రేములు. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో అదెంత? ఒక్క సెకను! లీలామహల్ సర్కిల్లో కొండ బస్సు అడ్డంగా నిలబడితే ఒక్క సెకనులో కదులుతుందా? బస్సు వెనక బండివాడు అంతసేపూ అదే వేగంతో దూసుకుపోతున్నాడని కాల్మన్ ఫిల్టర్ ఊహించుకుంటూ ఉంటుంది, వాడేమో బ్రేకు మీద కాలు పెట్టి ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. బస్సు కదిలేసరికి ఊహించిన డబ్బా ఎక్కడో కపిలతీర్థం దాకా వెళ్ళిపోయి ఉంటుంది.

బైట్‌ట్రాక్‌లో నాకు నచ్చిన తెలివి ఒకటుంది. బండి సగం బస్సు చాటుకి వెళ్ళినప్పుడు డిటెక్టర్‌కి దాని మీద నమ్మకం సడలుతుంది, మార్కులు తక్కువేస్తుంది. పాత ట్రాకర్లు ఆ తక్కువ మార్కుల డబ్బాల్ని చెత్తబుట్టలో వేసేవి. బైట్‌ట్రాక్ వాటిని దాచి ఉంచి, మంచి డబ్బాలన్నీ కలిపాక మిగిలిన పాత బళ్ళకి వీటిలో ఏదైనా సరిపోతుందేమో చూస్తుంది. సగం కనపడేవాటికి ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. పూర్తిగా మాయమైన బండికి మాత్రం ఏ డబ్బా ఉండదు కాబట్టి దాని తెలివి అక్కడికి సరి.

ఇంకో చిక్కు వేగంతో వచ్చింది. ల్యాప్‌టాప్ అందుకోలేక పిల్లలు మూడు ఫ్రేములకి ఒకటే చూడడం మొదలుపెట్టారు. అప్పుడు ఓపిక 30 ఫ్రేములంటే మూడు సెకన్లు అవుతుంది, బానే ఉంది. కానీ ఒక చూపుకీ ఇంకో చూపుకీ మధ్య చిన్న బండి తన పొడవంత దూరం జరిగిపోతుంది. డబ్బాలు ఎంతవరకు ఒకదాని మీద ఒకటి పడ్డాయో చూసి కలిపే పద్ధతులకి అలా పడిన భాగం సున్నా. బస్సులు బానే కలిశాయి, స్కూటర్లన్నీ తెగిపోయాయి. ఒకే వీడియో, ఒకే ట్రాకర్, ఫ్రేముల వేగం మారితే ర్యాంకు మారింది. పేపర్లలో ఈ ముక్క ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఉంటే.

ఆ గోలలో 31 కాకుండా 14గానే బండిని బయటికి తీసుకొచ్చింది ఒక్క డీప్‌సార్టే. ఇది 2017లో వచ్చింది. వేగాన్ని బట్టి ఊహించడంతో పాటు వస్తువు ఎలా కనపడుతోందో కూడా గుర్తుపెట్టుకుంటుంది. దానివల్ల నంబర్ల మార్పులు 45 శాతం తగ్గాయని వాళ్ళ పేపర్లో రాసుకున్నారు. పిల్లలు ఎగిరి గంతేశారు. పేపర్ టేబుల్లో బైట్‌ట్రాక్ గెలిచింది, మన ఊరి రోడ్డు మీద డీప్‌సార్ట్ గెలిచింది, అదీ కథ అని రిపోర్టు కూడా రాసేశారు. తర్వాత సెట్టింగులు చూస్తే, డీప్‌సార్ట్‌కి ఓపిక సంఖ్యని బాగా పెంచారు, బైట్‌ట్రాక్‌ది 30 దగ్గరే ఉంచారు. కావాలని చేసింది కాదు. ఏదో వీడియో పాఠంలో ఎవరో అలా పెట్టారని పెట్టారు. పోలికల్లో జరిగే అన్యాయాల్లో సగం ఇలాంటివే అని నా అనుమానం. మనకి నచ్చినదానికి నాలుగు రోజులు మరమ్మతు చేస్తాం, మిగతావాటిని డబ్బాలోంచి తీసినవి తీసినట్టు నడుపుతాం.

రూపాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా అన్నిచోట్లా నడిచే నాణెం కాదు. డీప్‌సార్ట్‌లోని ఆ నెట్‌వర్కు మార్స్ అనే డేటాసెట్లో 1,261 మంది మనుషుల బొమ్మలు చూసి నేర్చుకుంది. ఎక్కువగా బట్టల రంగుల మీద ఆధారపడుతుంది. దాన్ని తమిళుల పెరటాసి నెలలో మన వడమాలపేట రోడ్డు మీద నిలబెట్టండి. తమిళనాడు నుంచి గోవిందలు కొట్టుకుంటూ నడిచి వచ్చే గుంపులో ప్రతివాళ్ళదీ పసుపు పంచె, పసుపు చీర. కొండ మీద కల్యాణకట్ట దగ్గరైతే మరీ విచిత్రం. పైకి వెళ్ళిన మనిషికీ కిందికి వచ్చిన మనిషికీ ఇంట్లోవాళ్ళకే పోలిక దొరకదు. తిరపతిలో గుండువాణ్ణి వెతికినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు, పైగా ఆ గుండ్లన్నిటి మీదా ఒకే చందనం. ఇలాంటి చిక్కు గురించి 2022లో డాన్స్‌ట్రాక్ అనే డేటాసెట్ వచ్చింది. ఒకే రకం బట్టలేసుకుని డాన్సు చేసేవాళ్ళ వీడియోలు అవి. ఎంఓటీ17లో మంచి మార్కులు తెచ్చుకున్నవి అక్కడ బాగా దిగజారాయి. ఆ పేపర్ చదివినప్పుడు నాకు డాన్సులు కాదు, కల్యాణకట్టే గుర్తొచ్చింది.

ఇంతా విని, అయితే ఆ పరీక్షలన్నీ చెత్తేనా అని అడగొచ్చు. కాదు. అవి రాకముందు ఎవరి పేపర్లో వాళ్ళు తమ ట్రాకర్ నెగ్గే వీడియోలే చూపించేవాళ్ళు. అందరూ ఒకే ప్రశ్నపత్రం రాయాలి, జవాబులు మా దగ్గరే ఉంటాయి అని ఎంఓటీ వాళ్ళు పెట్టిన కట్టుబాటు వల్ల చాలా గాలి కబుర్లు ఆగిపోయాయి. ఆరు వందల పద్ధతుల్లోంచి ఆరింటిని ఎంచుకోవడానికి ఆ జాబితాలు కావాలి. ఆ ఆరింట్లోంచి ఒకటి ఎంచుకోవడానికి మాత్రం పనికిరావు. అక్కడ మన వీడియో, మన చేత్తో రాసిన జవాబుపత్రం కావాలి.

ఆ జవాబుపత్రం రాయడం ఎవరికీ ఇష్టముండదు. ఫ్రేము ఫ్రేముకీ ప్రతి బండి చుట్టూ డబ్బా సరిచేస్తూ, నంబరు వేస్తూ పోవాలి. అయిదు ఫ్రేములకొకటి గీస్తే మధ్యవి సాఫ్ట్‌వేరే నింపుతుంది, అయినా మెడలు పట్టేస్తాయి. నేను కూడా కూర్చున్నాను, పిల్లల్ని మాత్రమే కూర్చోబెడితే తిట్టుకుంటారని. రెండు శనివారాలు పోయాయి. ఆ రెండు శనివారాల్లో నేర్చుకున్నంత ట్రాకింగ్ పాఠం నేను రెండు సెమిస్టర్లు చెప్పినా రాదు. స్తంభం చాటున సగం కనపడేదాన్ని బండి అనాలా వద్దా? ఆగి ఉన్న ఆటోలోంచి దిగినవాణ్ణి ఎప్పటి నుంచి మనిషిగా లెక్కపెట్టాలి? దీని మీద ఇద్దరు స్టూడెంట్లు మాట్లాడుకోవడం మానేసేంత గొడవ జరిగింది.

మొదటి తొమ్మిది నిమిషాలు పూర్తి చేసి, పదో నిమిషంలో మన ఎర్ర చొక్కా దగ్గరికి వచ్చాం. గుర్తించే పని మొదట తొడ చరుచుకున్న పిల్లవాడిదే. వాడు బస్సు ఆగి ఉన్నంతసేపూ ఒక్కో ఫ్రేమూ ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేడమ్, ఒకసారి ఇది చూడండి" అన్నాడు.

బస్సు కింద, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఖాళీలో, ఒక నాలుగైదు ఫ్రేముల పాటు బండి టైరు కనపడుతోంది. అది అలిపిరి వైపు లేదు. పక్క సందులోకి తిరిగింది. తర్వాత ఇంకో టైరు వచ్చి అదే చోట ఆగింది. బయటికి వచ్చిన బండి వెనక క్యారియర్ ఉంది. లోపలికి వెళ్ళినదానికి లేదు. చొక్కాలు రెండూ ఎరుపే.

31 అన్నది సరైన నంబరే. దాన్ని 14 అని పిలిచిన డీప్‌సార్ట్ తప్పు. మేమంతా చప్పట్లు కొట్టిన తప్పు. బైట్‌ట్రాక్ ఒప్పయింది గానీ, తెలివితో కాదు. ఒక సెకను దాటితే ఎవరినైనా మర్చిపోతుంది కాబట్టి ఒప్పయింది.

"మరి దీనికి బైట్‌ట్రాక్‌కి మార్కు వెయ్యాలా మేడమ్?" అన్నాడు వాడు.

వెయ్యాలి, కొలత ప్రకారం. వేశాం. తర్వాత టీ తాగి, అప్పటిదాకా పూర్తయిన తొమ్మిది నిమిషాల ఫైలు మళ్ళీ తెరిచి, బస్సులు ఆగిన ప్రతిచోటా చక్రాల సందుల్లోంచి చూడడం మొదలుపెట్టాం.